పాత కాలపు బ్రతుకు, కొత్త కాలపు ఆట

సెలవులకు ఇంటికి వచ్చిన మీ కుమారుడు కంప్యూటరు ముందు కూర్చొని గంటల తరబడి కట్టెలు కొట్టుచున్నాడా? రాళ్లు ఏరి, గడ్డి కప్పి గుడిసె వేయుచున్నాడా? నాగలి పట్టని బిడ్డ తెరమీద పొలం దున్ని, ఎరువు వేసి, గోధుమ కోసి, పన్ను కట్టుచున్నాడా? అయితే వాడు ఆడుచున్నది తుపాకుల ఆట కాదు, పందెపు ఆట కాదు. పూర్వకాలపు మనుష్యుల జీవితమును జీవించి చూచే ఆట. సంగారెడ్డి జిల్లా చివరన, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న కంగ్టి వంటి మండలములోనికి కూడా సెల్‌ఫోను, ఇంటర్నెట్టు వచ్చిన ఈ దినములలో ఇట్టి ఆటలు మన ఇండ్లకు దూరముగా లేవు. వీటిని చూచి భయపడవలెనా, సంతోషింపవలెనా? రెండింటికీ కారణములు ఉన్నవి. అయితే మొదట ఆ ఆట ఏమిటో తెలిసికొందాము.

జీవితమును ఆటగా ఆడుట కొత్త కాదు

మన పెద్దలు వైకుంఠపాళి ఆడేవారు. పరమపద సోపాన పటమని కూడా దానికి పేరు. గవ్వలు వేసి గడులు నడచుచు, మంచి గుణము వద్ద నిచ్చెన ఎక్కి, చెడు గుణము వద్ద పాము నోట పడి, మనిషి బ్రతుకు ఎట్లు పైకి పోవునో, ఎట్లు క్రిందికి జారునో పిల్లలకు చెప్పిన ఆట అది. తరువాత ఇంగ్లండులో అదే పాములు, నిచ్చెనల ఆటగా అచ్చయినది. అమెరికాలో 1860లో మిల్టన్ బ్రాడ్లీ అనే అచ్చుపనివాడు బాల్యము మొదలు వృద్ధాప్యము వరకు గడులుగా గీసి, జీవితము పేరుతోనే ఒక ఆటను అమ్మినాడు.

కంప్యూటరులో పూర్వకాలపు జీవితమును మొదట ఆడించినది ఉపాధ్యాయులే. 1971లో అమెరికాలోని మినియాపొలిస్‌లో డాన్ రావిట్ష్, బిల్ హైనెమన్, పాల్ డిలెన్‌బెర్గర్ అను ముగ్గురు యువకులు బడిపిల్లలకు చరిత్ర పాఠము చెప్పుటకు ‘ఒరెగాన్ ట్రెయిల్’ తయారుచేసినారు. పందొమ్మిదవ శతాబ్దములో బండ్లు కట్టుకొని, కుటుంబముతో వేల మైళ్లు పడమరకు పోయినవారి ప్రయాణమే ఆ ఆట. చేతిలో కొంత డబ్బు ఉండును. ఎడ్లు కొనవలెనా, తిండి కొనవలెనా, బట్టలు కొనవలెనా అని ముందే తేల్చుకొనవలెను. తప్పు లెక్క వేసినవారి కుటుంబము దారిలో ఆకలితోనో రోగముతోనో చనిపోవును.

2000 సంవత్సరములో విల్ రైట్ అనే రూపకర్త ‘ది సిమ్స్’ అను ఆటను తెచ్చినాడు. 1991లో ఓక్లాండు కొండలలో రేగిన మంటలలో ఆయన ఇల్లు కాలిపోయినది. ఇల్లు మరల కట్టుకొనుచు, మనిషికి నిజముగా అవసరమైన వస్తువులేవి అని ఆలోచించిన అనుభవము ఆ ఆట పుట్టుకకు తోడ్పడినది. 2011లో దానినే రాజులు, కమ్మరులు, వైద్యులు, వర్తకులు ఉన్న మధ్యయుగమునకు మార్చి ‘ది సిమ్స్ మిడీవల్’ అని విడుదల చేసినారు. అందులో వైద్యుడు జలగలతో చికిత్స చేయును.

నేటి యౌవనస్థులలో పేరుపొందిన మరొకటి ‘మిడీవల్ డైనాస్టీ’. పోలండు దేశపు రెండర్ క్యూబ్ సంస్థ చేసిన ఈ ఆట 2020 సెప్టెంబరులో తొలిరూపములోను, 2021 సెప్టెంబరులో పూర్తిరూపములోను వచ్చినది. యుద్ధములో ఊరు, కన్నవారు పోగా రాసిమిర్ అనే యువకుడు మేనమామ లేక పినతండ్రి వంటి పెద్దదిక్కును వెదకుచు ఒక లోయకు చేరును. ఆ పెద్దాయన అప్పటికే చనిపోయినాడని తెలియును. అక్కడే నిలువనీడ సంపాదించుకొనవలెను. పుల్లలు, రాళ్లు ఏరి గొడ్డలి చేసుకొనుటతో మొదలు. తరువాత ఇల్లు, పొలము, పెండ్లి, బిడ్డ, ఊరు. ప్రతి వసంతములో పన్ను. కోసిన పంటను వాడకుండ ఉంచితే కుళ్లును, ఆ కుళ్లు ఎరువుకు పనికివచ్చును. కథానాయకుడు ముసలివాడై చనిపోతే, ఎదిగిన కుమారుడు వారసుడై ఆట సాగించును.

ఇందులో మేలు ఏమి?

మొదటి మేలు, తిండి ఊరక రాదని తెలియుట. అంగడిలో పొట్లము కట్టి దొరికే పిండి వెనుక దున్నుట, విత్తుట, కోయుట, నూర్చుట, విసరుట అనే ఇన్ని పనులు ఉన్నవని పట్టణపు హాస్టలులో చదివే బిడ్డకు ఎవరు చెప్పిరి? ఆ ఆటలో నారబట్ట చొక్కా కావలెనంటే అవిసె విత్తి, కాడ కోసి, దారము తీసి, నేయవలెను. ఒక చొక్కాకు ఒక పంటకాలము! అంత శ్రమ తెలిసిన బిడ్డ తన బట్టను మునుపటివలె మూలకు విసరడని ఆశ.

రెండవ మేలు, ముందుచూపు. చలికాలము రాకముందే కట్టెలు, ధాన్యము చేర్చనివాని ఊరివారు అలుగుదురు, విడిచిపోదురు. ఇంటి యజమాని అంటే తన పొట్ట మాత్రమే చూచుకొనువాడు కాడని ఆ ఆట నేర్పును.

మూడవది, చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు మాత్రమే కావు. సామాన్యుడు ఏమి తిన్నాడు, ఏమి కట్టుకున్నాడు, ఎట్లు నిద్రించినాడు అనుటయే అందులో పెద్ద భాగమని తెలియుట.

ఆ ఊరు కంగ్టి అయితే?

ఇప్పుడు ఒక ఆలోచన చేయుదము. అటువంటి ఆటనే 1400 ప్రాంతపు మన మంజీర పరిసరములలో, కంగ్టి నేలమీద కట్టదలచితే అందులో ఏమేమి పెట్టవలెను?

రాజు ఎవరు? 1323లో కాకతీయుల ఓరుగల్లు పడిపోయినది. 1347లో బహమనీ రాజ్యము ఏర్పడినది. మొదట గుల్బర్గా, తరువాత 1422 నుండి 1436 వరకు ఏలిన అహ్మద్‌షా కాలములో బీదరు రాజధాని అయినది. బీదరులో మహమూద్ గవాను కట్టించిన 1472 నాటి మదర్సా నేటికీ నిలిచి ఉన్నది. అంటే మన ఊరివాడు పన్ను కట్టవలసిన రాజధాని ఒకనాడు ఎడ్లబండికి అందే దూరమునకే వచ్చినది.

వంటగదిలో ఏముండును? ఇక్కడ బిడ్డలు ఆశ్చర్యపోవుదురు. మిరపకాయ ఉండదు. టమాటా, బంగాళాదుంప, మక్కజొన్న, పల్లి, జామ, బొప్పాయి ఏవీ ఉండవు. ఇవన్నీ అమెరికా ఖండములకు చెందినవి. 1498లో పోర్చుగీసువారు మన తీరము చేరిన తరువాత క్రమముగా వచ్చినవి. కారము కావలెనంటే మిరియాలు. మిగిలినది జొన్న, సజ్జ, కంది, పెసర, మినుము, నువ్వులు, చింతపండు, మజ్జిగ. జొన్నరొట్టె, పప్పు, అంబలి తిన్నవాడు ఆరువందల ఏండ్లనాటి భోజనమునకు చాల దగ్గరగా ఉన్నట్లే.

బట్ట మాటేమి? ఇక్కడ అవిసెనార కాదు, ప్రత్తి. రాట్నము అప్పటికి కొత్త యంత్రమే. మన దేశములో రాట్నమును గూర్చిన తొలి ప్రస్తావనలలో ఒకటి 1350 ప్రాంతమున బహమనీల ఆశ్రయములో ఇసామీ అనే కవి వ్రాసిన పారశీక కావ్యములో కనబడును. అదీ మన దక్కనులోనే!

కాలము ఎట్లు గడచును? ఆ పోలండు ఆటలో మామూలుగా మూడు రోజులకు ఒక ఋతువు మారును. పండ్రెండు రోజులకు ఏడాది. మన ఆటకు నాలుగు ఋతువులు చాలవు, కార్తెలు కావలెను. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడితే కంది, పెసర విత్తుట. పెసర వానలలోనే చేతికి వచ్చును. కంది మాత్రము సంక్రాంతి దరిదాపుల వరకు నిలువవలెను. హస్త, చిత్త కార్తెలలో నల్లరేగడిలో యాసంగి జొన్న విత్తుట. ఆ జొన్న వాన చూడకుండ నేలలోని పదునుతోను, మంచుతోను పెరుగును.

ధాన్యము ఎక్కడ దాచవలెను? పాతరలో. గట్టినేలలో గొయ్యి త్రవ్వి, గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసి గాలి చొరకుండ చేయుట. పాతర తెరచిన వెంటనే లోపలికి దిగరాదు. లోన నిలిచిన చెడుగాలి మనిషి ప్రాణము తీయును. కొంతసేపు ఆగి, దీపము దించి, అది ఆరకుండ ఉంటేనే దిగవలెను. ఈ సంగతి ఏ ఆటలోను లేదు. అయితే మన ఊళ్లలో పాతికేండ్ల వయస్సులో పాతర చూచిన అవ్వకు ఎనుబది ఏండ్లకు కూడ జ్ఞాపకము ఉండును.

కరువు? ఆట తయారుచేసేవాడు ఎంత కఠినముగా పెట్టదలచినా చరిత్రను మించలేడు. 1396లో మొదలై పండ్రెండేండ్లు సాగినదని చెప్పుకొనే దుర్గాదేవి కరువు దక్కనులో ఊళ్లకు ఊళ్లను పాడుపెట్టినది. పెద్దలనడిగితే 1972 నాటి కరువును గూర్చి చెప్పగలవారు ఇంకను ఉన్నారు.

ఆట దాచిపెట్టే సంగతులు

ఇక బిడ్డలతో కూర్చొని మాటలాడవలసిన విషయములు చూచెదము.

ఆ ఆటలో మొదట ఒక్కడే అన్ని పనులు చేయును. వాడే వడ్రంగి, వాడే కమ్మరి, వాడే వేటగాడు, వాడే దర్జీ. నిజమైన పల్లె అట్లు నడవలేదు. నాగలికి వడ్రంగి, కర్రుకు కమ్మరి, కుండకు కుమ్మరి, మోట బొక్కెనకు తోలు కుట్టేవాడు కావలెను. వీరికి కూలి నాణెములలో కాదు, కళ్లము మీద ధాన్యములో కొంత భాగము. ఆయగాండ్లని కొన్నిచోట్ల, సరిహద్దు వైపున బలుతదార్లని వారిని పిలిచేవారు. ఎవరి పని లేకున్నా ఊరు నిలువదు.

అయినను ఆ ఊరిలో అందరికీ ఒకే మర్యాద లేదు. తోలు కుట్టినవాని చేతిమోట నీళ్లతో చేను పండినది, కాని వానికే ఊరి బావి వద్ద నిలిచే హక్కు లేకపోయినది. పటేలు గడి ముందు కూలి లేకుండ వెట్టి చేసినవారి మనుమలు నేడు మన మధ్యనే ఉన్నారు. ఆటలో ఎవడైనను పుల్లలు ఏరుటతో మొదలుపెట్టి ఊరి పెద్ద కాగలడు. నిజమైన పాతకాలములో మనిషి ఏ గుడిసెలో పుట్టెనో దానిబట్టి వాని బ్రతుకు ముందే నిర్ణయమయ్యేది. “ఆ రోజులే మంచివి” అని బిడ్డ అన్నప్పుడు, “ఎవరికి మంచివి?” అని అడుగుట పెద్దల పని.

స్త్రీల శ్రమను కూడ ఆట తేలికచేయును. ఒక మీట నొక్కితే పిండి వచ్చును. మన అవ్వలు తెల్లవారక ముందే లేచి ఇసుర్రాయి ముందు కూర్చొనేవారు. ఇంటిల్లిపాది రొట్టెలకు చాలినంత పిండి విసరి, నీళ్లు మోసి, పొయ్యి వెలిగించి, ఆ తరువాత కలుపుకు పోయేవారు. అరచేతిలో కాయలు కాచిన ఆ పని తెరమీద ఒక గీత నిండుటగా మాత్రమే కనబడును.

మరియొక మాట. ఆటలోని భార్య, బిడ్డ, పొరుగువాడు అందరు ఆడేవాని పనిముట్లే. వారిని ఏ పనికి నియమిస్తే ఆ పని చేయుదురు. కోపము వస్తే ఒక కానుకతోనో, సరైన జవాబు ఎన్నుకొనుటతోనో తీరిపోవును. ‘ది సిమ్స్ మిడీవల్’లో ఆ రాజ్యప్రజలు కొలిచే ‘వాచర్’ మరెవరో కాదు, ఆట ఆడే మనిషే! మన వంటి ఇండ్లలో ఆ సంగతి బిడ్డతో నెమ్మదిగా మాటలాడదగినది. లోకమంతయు నా వ్రేలి క్రింద నడచునని రోజుకు నాలుగు గంటలు అలవాటుపడిన మనస్సు, వంటగదిలో నుండి అమ్మ పిలిచితే విసుగుకొనుట వింత కాదు. ఇంట్లోనివారు మీట నొక్కితే మారరు. వారికొరకు కాచుకొనవలెను, వారి మాట వినవలెను, కొన్నిసార్లు ఓడిపోవలెను.

హద్దు ఎక్కడ?

ఈ ఆటలను డబ్బు పందెపు ఆటలతో కలుపరాదు. పందెపు ఆన్‌లైను ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించినది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టము చేసినది. మనము చెప్పుకొనుచున్న ఆటలలో పందెము లేదు. అయితే పోగొట్టుకొనుటకు డబ్బే ఉండనక్కరలేదు, కాలమును కూడ పోగొట్టుకొనవచ్చును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలుపరచిన రోగముల పట్టికలో ఆటల వ్యసనమును ఒక రుగ్మతగా చేర్చినది. గుర్తులు మూడు. ఆటను ఎప్పుడు మొదలుపెట్టవలెనో, ఎప్పుడు ఆపవలెనో తన చేతిలో లేకపోవుట. చదువు, తిండి, నిద్ర, స్నేహము అన్నిటికంటె ఆటకే మొదటి స్థానము ఇచ్చుట. నష్టము కనబడుచున్నను మానలేకపోవుట. ఈ తీరు సాధారణముగా పండ్రెండు నెలలు కొనసాగినప్పుడే వైద్యులు దానిని రుగ్మత అందురు. గనుక సెలవులలో నాలుగు దినములు ఎక్కువ ఆడిన బిడ్డను రోగి అని పిలువవద్దు. అయితే నిద్ర చెడి, భోజనము చల్లారి, మాట తగ్గిపోవుచున్నదని చూచినప్పుడు ఊరకుండవద్దు. వైద్యుని కలిసికొనుటకు సిగ్గుపడవద్దు.

పొలము లోయలో కోతకాలము వచ్చినదని బిడ్డ లేవలేకపోవుట అబద్ధము కాదు. ఒక పని ముగియకముందే మరొక పని వచ్చునట్లు ఆ ఆటను అల్లియుందురు. గనుక “ఇప్పుడే ఆపు” అని తీగ పెరికివేయుటకంటె, “ఈ ఋతువు ముగియగానే భోజనమునకు రా” అని చెప్పుట మేలు. వాని లెక్కలోనే మాట తీసికొనండి. ఆ మాటను మాత్రము నిలబెట్టించండి.

మనము చేయగలిగినవి

మొదటిది, ఒకసారి బిడ్డ ప్రక్కన కూర్చొని ఆట చూడండి. ఏమి కట్టినావు, ఎందుకు కట్టినావు అని అడుగండి. ఎప్పుడును అడుగని తండ్రి ఒక్కసారి తిట్టితే బిడ్డ వినడు. అడిగి తెలిసికొనిన తండ్రి మాట వినును.

రెండవది, అవ్వను, తాతను ఆ తెర ముందు కూర్చుండబెట్టండి. నవ్వులాటకు కాదు, తప్పులు పట్టుటకు. “గడ్డి అట్లా కప్పితే వాన దిగుతది బిడ్డా” అని తాత అంటే వినండి. కొడవలి ఎట్లు పట్టవలెనో, తూర్పారబట్టుటకు గాలి ఏ ప్రక్క నుండి రావలెనో, వారు చెప్పునది ఏ ఆట తయారుచేసినవానికీ తెలియదు.

మూడవది, తెరమీద చేసినదానిలో ఒక్కటి చేతితో చేయించండి. పెరటిలో రెండు చాళ్లు పెసర విత్తనివ్వండి. మూలకు చేరిన ఇసుర్రాయిని కడిగి ఒక శేరు జొన్నలు విసరనివ్వండి. అరగంటలో భుజము నొప్పి పుట్టును. అప్పుడు అవ్వ చేతులు వానికి వేరుగా కనబడును.

నాల్గవది, మన జిల్లాలోనే ఉన్న పాత పంటల సంగతి చూపించండి. జహీరాబాదు ప్రక్కన పస్తాపూరు కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో దళిత, పేద స్త్రీలు సంఘములుగా కూడి జొన్న, కొర్ర, సామ వంటి పాత విత్తనములను కాపాడినారు. ఎక్కువమంది బడికి పోనివారే. విత్తనము కావలసినవారికి ఇచ్చి, పంట వచ్చిన తరువాత కొంత ఎక్కువ కలిపి తిరిగి తీసికొందురు. 2008లో మాచునూరులో వారే ఒక రేడియో నడుపుట మొదలుపెట్టినారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము వారి ‘ఈక్వేటర్’ బహుమతి వారికి లభించినది. పాత పంటల జాతర అని ఎడ్లబండ్లమీద విత్తనములను ఊరూర ఊరేగించినారు. పూర్వకాలపు బ్రతుకులో కాపాడదగినదేదో, విడువదగినదేదో వారికి బాగుగా తెలియును. విత్తనమును కాపాడుకొనిరి, వెట్టిని విడిచిరి.

ఐదవది, ఒక నోటుపుస్తకము ఇవ్వండి. అవ్వ చెప్పిన కార్తెల సామెతలు, విత్తనముల పేర్లు, కరువు సంవత్సరపు సంగతులు, ఇంటి పూర్వికుల పేర్లు బిడ్డ చేతివ్రాతతో వ్రాయించండి. కంగ్టి ప్రాంతపు అవ్వల మాటలలో తెలుగుతో కన్నడ, మరాఠీ కలిసి ఉండును. కొన్ని మాటలు ఏ నిఘంటువులోను దొరకవు. అవి పలికినట్లే వ్రాయనివ్వండి, దిద్దవద్దు.

ఆ ఆటలో ఒక సౌకర్యము ఉన్నది. ఆడినంతవరకు భద్రపరచుకొని, మరునాడు అక్కడినుండే మొదలుపెట్టవచ్చును. తప్పు జరిగితే వెనుకకు పోయి మరల ఆడవచ్చును. అవ్వ జ్ఞాపకములకు అట్టి సౌకర్యము లేదు. అరుగుమీద కూర్చొని ఎవరైనను వచ్చి పలుకరింతురా అని వీధివైపు చూచుచున్న ఆమె, ఆ బిడ్డ తెరమీద వెదకుచున్న కాలములోనే పుట్టి పెరిగినది. పాతర ఎట్లు తెరవవలెనో ఆమెకు తెలియును. ఆమె వెళ్లిపోయిన తరువాత అడుగుదామంటే జవాబు చెప్పేవారు ఉండరు.

గనుక ఈ సెలవులలో బిడ్డ ఆటను లాగివేయకండి. ఒక సాయంత్రము ఆట ఆపి అవ్వ ప్రక్కన కూర్చుండబెట్టండి. మొదటి ప్రశ్న మీరే అందించండి: “అవ్వా, నీ చిన్నప్పుడు జొన్నలు ఎక్కడ దాచేటోళ్లు?” తరువాతి ప్రశ్నలు వాడే అడుగును.